బ్రెన్ గన్: పేరు రెండు ఊళ్ళది, మోసిన చేతులు ఎన్నో దేశాలవి

నవంబరు నెల వచ్చిందంటే బ్రిటన్‌లో మన పిల్లల కోట్ల మీద ఎర్రటి పాపీ పువ్వులు కనిపిస్తాయి. బళ్ళో రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం మీద ప్రాజెక్టులు చేస్తారు. ఆ ప్రాజెక్టుల్లో స్పిట్‌ఫైర్ విమానం ఉంటుంది, చర్చిల్ ఉంటాడు, డంకర్క్ ఉంటుంది. ఇంటికొచ్చాక చాలామంది పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "మరి అప్పుడు మనవాళ్ళు ఎక్కడున్నారు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నేను ఒక వస్తువుని ఎంచుకున్నాను. దాని పేరు బ్రెన్ గన్. బ్రిటిష్ సైన్యం అనగానే గుర్తొచ్చే తేలికపాటి మెషీన్ గన్, పాత యుద్ధం సినిమాల్లో నెత్తి మీద వంకర మ్యాగజైన్‌తో కనిపించేది. నేను కంప్యూటర్ కన్సల్టెంట్‌ని. తుపాకుల సరదా ఉన్నవాణ్ణి కాను, మా ఇంట్లో బొమ్మ తుపాకీ కూడా లేదు. కానీ మంచి డిజైన్ ఎక్కడ కనిపించినా ఆగి, ఇది ఎవరు ఆలోచించారు, ఎందుకిలా చేశారు అని చూడటం మా వృత్తిలో అలవాటు. అలా చూస్తూ వెళితే ఈ "బ్రిటిష్" తుపాకీ కథలో సగం ప్రపంచం కనిపించింది. మన ఇండియా కూడా.

ముందు పేరు సంగతి. చెక్ దేశంలో బ్ర్నో అనే ఊరుంది. లండన్‌కి ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ ఉంది. మొదటి ఊరి పేరులోంచి "బ్ర్", రెండో ఊరి పేరులోంచి "ఎన్" తీసి కలిపితే బ్రెన్. అంతే!

అవసరం ఎలా వచ్చింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో మెషీన్ గన్ అంటే పెద్ద సరంజామా. వికర్స్ గన్‌కి మూడు కాళ్ళ స్టాండు, చల్లబరచడానికి నీళ్ళు, మోయడానికి, పేల్చడానికి ఒక జట్టు కావాలి. ఒకచోట కూర్చుని కాపలా కాయడానికి అది బాగానే ఉంటుంది. ముందుకు పరుగెత్తే సిపాయిలతో పాటు పరుగెత్తాలంటే కష్టం. అందుకని ఒక మనిషి మోయగలిగిన మెషీన్ గన్‌లు వచ్చాయి. బ్రిటిష్ సైన్యం వాడింది లూయిస్ గన్. దాని బరువు సుమారు 13 కిలోలు. పైన గుండ్రటి పళ్ళెంలాంటి మ్యాగజైన్, అందులో 47 తూటాలు. తరచు ఇరుక్కుపోయేది. ఇరుక్కుంటే సరిచేయడానికి సిపాయి చాలా రకాల చిట్కాలు నేర్చుకోవాల్సి వచ్చేది.

1930ల మొదట్లో బ్రిటన్ దానికి బదులు కొత్త తుపాకీ కోసం పోటీ పెట్టింది. డెన్మార్క్ మ్యాడ్సెన్, అమెరికా బ్రౌనింగ్, బ్రిటన్‌లోనే తయారైన వికర్స్-బెర్తియే వంటివి వచ్చాయి. వాటితో పాటు ఎవరూ పెద్దగా వినని ఊరి నుంచి ఒకటి వచ్చింది. చివరికి నెగ్గింది అదే.

బ్ర్నో: బఠాణీల ఊరు

బ్ర్నో అంటే సైన్సు చదివిన పిల్లలకి తెలిసే ఉండాలి. గ్రెగోర్ మెండెల్ బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టింది అక్కడి మఠం తోటలోనే. ఈమధ్య మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఆ ఊరు బాగా తెలుసు. పెద్ద పెద్ద కంపెనీల ఆఫీసులు అక్కడున్నాయి.

1918లో చెకొస్లొవేకియా అనే కొత్త దేశం పుట్టింది. చిన్న దేశం, చుట్టూ పెద్ద దేశాలు. తన సైన్యానికి కావలసినవి తానే చేసుకోవాలని బ్ర్నోలో జ్బ్రోయోవ్కా అనే ఆయుధాల కర్మాగారం పెట్టుకుంది. వాత్స్‌లావ్ హోలెక్ అనే డిజైనరు తయారుచేసిన తేలికపాటి మెషీన్ గన్‌ని చెకొస్లొవేకియా సైన్యం 1926లో తీసుకుంది. ఆ సంవత్సరం పేరుతోనే దాన్ని జడ్.బి. 26 అంటారు. బరువు తొమ్మిది కిలోల చిల్లర. చైనాతో సహా చాలా దేశాలు దాన్ని కొన్నాయి.

బ్రిటన్ వాళ్ళు దాన్ని పరీక్షించి, మెచ్చుకుని, వెంటనే కొనేయలేదు. "మా తూటాకి తగ్గట్టు మార్చి ఇవ్వండి" అన్నారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కొత్త ప్రోగ్రాం బాగుంది గానీ మా పాత డేటాతోనే నడవాలి అన్నట్టు. ఈ మాట వినగానే నాలాంటివాళ్ళకి నవ్వొస్తుంది. ప్రతి క్లయింటూ అడిగేది ఇదే కదా!

తూటా అంచు, మ్యాగజైన్ వంపు

బ్రెన్ గన్ మ్యాగజైన్ అరటిపండులా ఎందుకు వంగి ఉంటుందో తెలుసా పిల్లలూ? అందం కోసం కాదు.

చెక్ తుపాకీ వాడే 7.92 మిల్లీమీటర్ల తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చితే నిటారుగా నిలబడతాయి. అందుకే దాని మ్యాగజైన్ తిన్నగా ఉంటుంది. బ్రిటిష్ సైన్యం 1880ల చివరి నుంచి వాడుతున్న పాయింట్ 303 తూటాకి మాత్రం అడుగున పళ్ళెం అంచులా ఒక వలయం ఉంటుంది. అంచున్న గ్లాసుల్ని పక్కపక్కనే పడుకోబెట్టి చూడండి. అంచులు ఉన్న వైపు ఎత్తు పెరిగి, వరస మెల్లగా వంపు తిరుగుతుంది. ఈ తూటాలూ అంతే. తూటాలు వంగితే మ్యాగజైనూ వంగక తప్పదు.

ఆ అంచు వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. తూటాలు నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడితే రెండూ తగులుకుని తుపాకీ ఆగిపోతుంది. కాబట్టి నింపేవాడు వరస తప్పకూడదు. మ్యాగజైన్‌లో 30 పట్టినా, స్ప్రింగు మీద ఒత్తిడి తగ్గించడానికి సిపాయిలు 28 మాత్రమే నింపేవారు.

ఇంత ఇబ్బంది పెట్టే తూటాని ఎందుకు వదల్లేదు? సైన్యంలో ప్రతి సిపాయి దగ్గరా ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి అదే తూటా. మెషీన్ గన్‌కీ అదే అయితే పంపిణీ సులువు. ఒకరి దగ్గర అయిపోతే పక్కవాడిది వాడుకోవచ్చు. ఒక్కొక్క రైఫిల్ సిపాయి బ్రెన్ గన్ కోసం రెండు నిండు మ్యాగజైన్లు తన పౌచుల్లో మోసేవాడు. ఆ పౌచుల్ని కూడా బ్రెన్ మ్యాగజైన్ పట్టేలాగే కుట్టించారు.

మార్పులన్నీ అయ్యాక 1935లో లైసెన్సు ఒప్పందం కుదిరింది. బ్ర్నో నుంచి మిల్లీమీటర్లలో గీసిన డ్రాయింగులు ఎన్‌ఫీల్డ్‌కి వచ్చాయి. అక్కడి ఇంజనీర్లు కూర్చుని ఒక్కొక్క కొలతనీ అంగుళాల్లోకి మార్చారు. మొదటి బ్రెన్ గన్ 1937 సెప్టెంబరులో తయారైంది. 1938లో సైన్యం అధికారికంగా తీసుకుంది.

లోపల ఏం జరుగుతుంది?

ప్రెషర్ కుక్కర్‌ని గుర్తుచేసుకోండి. లోపల ఆవిరి పెరిగితే విజిల్‌ని పైకి నెడుతుంది. బ్రెన్ గన్‌లో తూటా పేలినప్పుడు పుట్టే వాయువు గుండుని బ్యారెల్‌లో ముందుకి తోస్తుంది. గుండు వెళ్ళే దారిలో బ్యారెల్‌కి ఒక చిన్న కన్నం ఉంటుంది. కొంత వాయువు అందులోంచి కిందకి వచ్చి ఒక పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. పిస్టన్ వెనక్కి వెళుతూ ఖాళీ తూటాని బయటికి లాగి కిందకి పడేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకి తోసినప్పుడు పైనున్న మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా వచ్చి చేరుతుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ ఇదే జరుగుతుంది, నిమిషానికి సుమారు 500 సార్లు.

తూటా పేలే క్షణంలో వెనక తలుపు గట్టిగా మూసి ఉండాలి. లేకపోతే వాయువు సిపాయి మొహం మీదకి వస్తుంది. ఆ తలుపే బోల్ట్. హోలెక్ డిజైన్‌లో పిస్టన్ ముందుకొచ్చే చివరి క్షణంలో బోల్ట్ వెనక భాగాన్ని కాస్త పైకి ఎత్తి, పైనున్న గాడిలో ఇరికిస్తుంది. తలుపుకి గడియ పడ్డట్టన్న మాట. పిస్టన్ వెనక్కి వెళితేనే గడియ దిగుతుంది.

యుద్ధభూమిలో మట్టి, ఇసుక, మసి. యంత్రం మొరాయిస్తుంది. అందుకని వాయువు వచ్చే దారిలో ఒక రెగ్యులేటర్ పెట్టారు. దానికి చిన్న నుంచి పెద్ద వరకు నాలుగు కన్నాలు. తుపాకీ నెమ్మదించిందంటే తిప్పి పెద్ద కన్నం పెట్టుకోవాలి. గ్యాస్ పొయ్యి మంట పెంచినట్టే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చింది బ్యారెల్ మార్పిడి. వరసగా పేల్చితే బ్యారెల్ ఎర్రగా కాలుతుంది. వికర్స్‌లా నీళ్ళు పోయడం కుదరదు. బ్రెన్‌కి ఒక లాచ్ తిప్పి, బ్యారెల్ మీదే ఉన్న చెక్క పిడి పట్టుకుని వేడి బ్యారెల్ తీసేసి, చల్లటిది పెట్టేయొచ్చు. అలవాటైన ఇద్దరికి కొన్ని సెకన్ల పని. చేతులు కాలవు, పనిముట్టు అక్కర్లేదు. గబగబా పది మ్యాగజైన్లు పేల్చాక బ్యారెల్ మార్చమని శిక్షణలో చెప్పేవారు. సర్వర్ ఆపకుండా డిస్కు మార్చడాన్ని మేం హాట్ స్వాప్ అని గొప్పగా చెప్పుకుంటాం. ఇది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు సంగతి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మ్యాగజైన్ నడినెత్తిన ఉండటం వల్ల గురి చూసే సైట్ మధ్యలో పెట్టడానికి వీల్లేదు, ఎడమ పక్కకి జరిపారు. అంటే కుడి భుజానికి ఆనించే పేల్చాలి, ఎడమచేతి వాటం వాళ్ళకి కష్టం. జర్మన్ల ఎం.జి. 42 బెల్టుతో నిమిషానికి 1200 తూటాలు పేల్చేది. బ్రెన్‌కి 30 కాగానే మ్యాగజైన్ మార్చాలి. కానీ మోసుకు తిరగడానికి, గురి తప్పకుండా పేల్చడానికి, చెడిపోకుండా నమ్మకంగా నడవడానికి బ్రెన్‌కి మంచి పేరుంది.

ఒక్కడి ఆయుధం కాదు

బ్రెన్ గన్‌ని ఒక మనిషి పేల్చగలడు గానీ, దాన్ని ఇద్దరి కోసం చేశారు. నంబర్ వన్ నేల మీద పడుకుని పేలుస్తాడు. నంబర్ టూ పక్కన పడుకుని మ్యాగజైన్ మారుస్తాడు, స్పేర్ బ్యారెల్ మోస్తాడు, ఎటు పేల్చాలో చూసి చెబుతాడు. మ్యాగజైన్ పైన ఉండటంలో సుఖం ఇక్కడ తెలుస్తుంది. ఇద్దరూ నేలకి అంటుకుని ఉండగానే రెండోవాడు చెయ్యి చాపి మార్చేయొచ్చు. ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడు అందుకోవాలి కాబట్టి సెక్షన్‌లో ప్రతి ఒక్కడికీ ఈ గన్ వాడటం నేర్పించేవారు.

పది మంది సెక్షన్‌లో బ్రెన్ జట్టు ఒక పక్కన ఉండి పేలుస్తుంటే, శత్రువు తల వంచుకుంటాడు. ఆ సందులో రైఫిల్ సిపాయిలు ముందుకి కదులుతారు. మా బాబాయి ఒకరు 1970లలో ఇండియన్ ఆర్మీలో పనిచేశారు. రైఫిల్ ఆగితే ఒక్కడు ఆగుతాడని, ఎల్.ఎం.జి. ఆగితే సెక్షనంతా ఆగుతుందని ఆయన చెబుతుండేవారు. అందుకే చీకట్లో కూడా దాన్ని విప్పి బిగించడం నేర్చుకునేవారట.

కన్నతల్లి శత్రువు చేతిలో

1939 మార్చి 15న హిట్లర్ సైన్యం బ్ర్నోలో దిగింది. కర్మాగారం మొత్తం జర్మన్ల చేతికి వెళ్ళింది. అక్కడి తుపాకీని జర్మన్ సైన్యం ఎం.జి. 26 అని కొత్త పేరు పెట్టి వాడుకుంది. ఒకే మనిషి ఆలోచనలోంచి పుట్టిన రెండు తుపాకులు యుద్ధంలో ఎదురెదురుగా నిలబడ్డాయి. యంత్రానికి మంచీ చెడూ తెలియదు, ఎవరు పట్టుకుంటే వాళ్ళ మాట వింటుంది. పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

డ్రాయింగులు నాలుగేళ్ళ ముందే లండన్ చేరకపోయి ఉంటే ఏమయ్యేదో! అయినా కష్టాలు తీరలేదు. 1940లో డంకర్క్ నుంచి మనుషుల్ని పడవల్లో తప్పించగలిగారు గానీ, ఆయుధాలు అక్కడే వదిలేయాల్సి వచ్చింది. అప్పటికి తయారైన సుమారు 30 వేల బ్రెన్ గన్‌లలో బ్రిటన్ దగ్గర మిగిలినవి రెండు వేల చిల్లర. పైగా బ్రిటన్ మొత్తానికి తయారుచేసేది ఎన్‌ఫీల్డ్ ఒక్కటే. దాని మీద ఒక బాంబు పడితే అంతా అయిపోయినట్టే.

అప్పుడు పని పంచారు. అచ్చు యంత్రాలు చేసే మోనోటైప్ కంపెనీ కొన్ని చిన్న సంస్థల్ని కూడగట్టుకుని బ్రెన్ గన్‌లు చేసింది. కెనడాలో టొరంటోలోని జాన్ ఇంగ్లిస్ కంపెనీకి 1938లోనే ఆర్డరు ఇచ్చారు. అది యుద్ధం మధ్యకి వచ్చేసరికి అతిపెద్ద ఉత్పత్తిదారు అయింది. చైనా కోసం 7.92 తూటా వాడే బ్రెన్ గన్‌లు కూడా చేసింది. అక్కడ వేలమంది ఆడవాళ్ళు లేతు యంత్రాల మీద పనిచేశారు. వాళ్ళలో వెరోనికా ఫాస్టర్ అనే అమ్మాయి ఫొటోలు 1941లో "రోనీ, ద బ్రెన్ గన్ గర్ల్" పేరుతో కెనడా అంతా తిరిగాయి. అమెరికా రోజీ ద రివెటర్ కంటే ముందే వచ్చిన బొమ్మ ఇది. ఆస్ట్రేలియాలో లిత్‌గో, ఇండియాలో కలకత్తా దగ్గర ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా ఆ పనిలో చేరాయి.

కాబట్టి "మనవాళ్ళు ఎక్కడున్నారు?" అన్న ప్రశ్నకి మొదటి జవాబు: లేతు ముందు నిలబడి ఉన్నారు.

మోసినవాళ్ళు

రెండో జవాబు ఇంకా పెద్దది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో సుమారు 25 లక్షల మంది పనిచేశారు. బలవంతపు భర్తీ లేకుండా చేరిన అంత పెద్ద సైన్యం అంతకు ముందు లేదు. దాదాపు 87 వేల మంది తిరిగి రాలేదు.

యుద్ధానికి ముందు ఇండియా సైన్యం బ్రెన్‌ని కాకుండా దాని పోటీదారు వికర్స్-బెర్తియేని ఎంచుకుంది. దాన్ని ఇషాపూర్‌లో చేసేవారు. ఫొటోల్లో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, చాలామంది పొరబడతారు. యుద్ధం ముదిరే కొద్దీ ఇండియా దళాలకి బ్రెన్ గన్‌లు కూడా చేరాయి.

తెలుగువాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంటే యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు, ఈనాటికీ వెళుతూనే ఉన్నారు. అక్కడ యుద్ధ స్మారకం ఉంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు గోదావరి జిల్లాల వాళ్ళు పిల్లల్ని ఒక పూట అక్కడికి తీసుకెళ్ళొచ్చు.

1944లో జపాన్ సైన్యం బర్మా దాటి ఇంఫాల్, కొహిమాల మీదకి వచ్చింది. కొహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటొకరు ఇటొకరు నిలబడి రోజుల తరబడి పోరాడారు. అక్కడ వెంట్రుకవాసి దూరంలో జరిగిన యుద్ధానికి బ్రెన్ గన్ సరిగ్గా సరిపోయింది. బర్మాలో పోరాడిన పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది ఇండియా వాళ్ళే. లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం 2013లో ఓటింగ్ పెడితే, బ్రిటన్ చరిత్రలోకెల్లా గొప్ప యుద్ధంగా ఇంఫాల్-కొహిమా గెలిచింది. వాటర్లూ కాదు, నార్మండీ కాదు!

తుల్ బహదూర్ పున్ కథ

అదే సంవత్సరం జూన్ 23. బర్మాలో మోగాంగ్ అనే ఊరి రైల్వే వంతెన మీద దాడి. అప్పట్లో ఇండియా సైన్యంలో భాగమైన ఆరో గూర్ఖా రైఫిల్స్ మూడో బెటాలియన్‌లో తుల్ బహదూర్ పున్ అనే 21 ఏళ్ళ నేపాలీ కుర్రవాడు ఉన్నాడు. రెడ్ హౌస్ అనే ఇంట్లోంచి జపాన్ మెషీన్ గన్‌లు పేలుతున్నాయి. సెక్షన్‌లో ముగ్గురు తప్ప అందరూ పడిపోయారు. ఆ ముగ్గురూ ముందుకి దూకారు. సెక్షన్ కమాండర్‌కి దెబ్బ తగిలింది, తర్వాత రెండోవాడికీ తగిలింది.

పున్ బ్రెన్ గన్ అందుకున్నాడు. పది కిలోల ఇనుముని నడుము దగ్గర పట్టుకుని పేలుస్తూ, చీలమండ లోతు బురదలో, తెల్లవారుతున్న వెలుగులో శత్రువుకి స్పష్టంగా కనిపిస్తూ ఒంటరిగా ముందుకి వెళ్ళాడు. చేరుకున్నాడు. ముగ్గురిని చంపాడు, ఐదుగురిని తరిమాడు, రెండు మెషీన్ గన్‌లు పట్టుకున్నాడు. తర్వాత అక్కడి నుంచే తన ప్లాటూన్‌కి అండగా పేల్చాడు. బ్రిటన్ ఆయనకి విక్టోరియా క్రాస్ ఇచ్చింది. ధైర్యానికి ఇచ్చే పతకాల్లో అంతకు మించినది ఈ దేశంలో లేదు.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు వీరగాథ. కానీ దీనికి రెండో భాగం ఉంది, అది మనలాంటి వీసా కాగితాల మనుషులకి బాగా అర్థమయ్యేది.

84వ ఏట, ఒంట్లో బాగాలేక, వైద్యం కోసం బ్రిటన్‌లో స్థిరపడతానని ఆయన దరఖాస్తు పెట్టుకున్నారు. 2007లో దాన్ని తిరస్కరించారు. కారణం: బ్రిటన్‌తో తగినంత గట్టి సంబంధం ఉన్నట్టు ఆయన చూపించలేకపోయారట!

ఒక్కసారి ఆలోచించండి. ఈ దేశపు అత్యున్నత పతకం దగ్గర ఉన్న మనిషికి ఈ దేశంతో సంబంధం చాల్లేదు. మనం బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు, పే స్లిప్పులు పట్టుకుని ఆ సంబంధం నిరూపించుకున్నవాళ్ళం. ఆయన దగ్గర అవి లేవు. ఉన్నదల్లా ఆ బురదలో నడిచిన అడుగులు.

సంగతి పేపర్లలో రాగానే దేశం మండిపడింది. ప్రభుత్వం నిర్ణయం మార్చుకుంది. అదే సంవత్సరం ఆయన హీత్రూలో దిగారు. ఆయన రెజిమెంటులోనే పనిచేసిన అధికారి కూతురు, నటి జొవానా లమ్లీ, గూర్ఖాల తరఫున ఉద్యమం నడిపారు. 2009లో నాలుగేళ్ళు సేవ చేసిన మాజీ గూర్ఖా సైనికులకి ఇక్కడ స్థిరపడే హక్కు వచ్చింది. తుల్ బహదూర్ పున్ 2011లో నేపాల్‌లో కన్నుమూశారు.

నాకు ఈ కథలో కనిపించేది ఇది. బ్రెన్ అనే పేరులో రెండు ఊళ్ళకే చోటు దొరికింది. టొరంటోకి, ఇషాపూర్‌కి, మాధవరానికి, నేపాల్ కొండ పల్లెకి దొరకలేదు. పేరులో చోటు లేనివాళ్ళని మర్చిపోవడం చాలా తేలిక. ఆ మరుపు ఎంతదూరం వెళుతుందో 2007 నాటి ఆ తిరస్కరణ ఉత్తరం చూపించింది. ఎవరు ఎవరికి ఎంత చేశారో చెప్పేవాళ్ళు లేకపోతే, చివరికి కాగితమే మనిషికి కొలత అవుతుంది.

తర్వాతి ప్రయాణం

1947లో దేశంతో పాటు సైన్యాన్ని, ఆయుధాల్ని కూడా పంచుకున్నారు. ఆ వెంటనే కాశ్మీర్‌లో జరిగిన యుద్ధంలో రెండు వైపులా బ్రెన్ గన్‌లే పేలాయి. నిన్నటిదాకా ఒకే సైన్యంలో ఉన్నవాళ్ళు ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది.

1950లలో బ్రిటన్ అంచు లేని 7.62 తూటాకి మారింది. బ్రెన్‌ని పారేయకుండా మార్చి ఎల్ 4 అని పేరు పెట్టారు. అంచు పోవడంతో మ్యాగజైన్ వంపు కూడా దాదాపు పోయింది! 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో, 1991 గల్ఫ్ యుద్ధంలో కూడా అది కనిపించింది. ఇండియాలో కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ 7.62 రకాన్ని ఎల్.ఎం.జి. 1బి పేరుతో చాలా ఏళ్ళు తయారుచేసింది. తర్వాత ఇన్సాస్ ఎల్.ఎం.జి. వచ్చింది. 2020లో ఇజ్రాయెల్ నుంచి 16,479 నెగెవ్ తుపాకులకి ఒప్పందం కుదిరింది.

తుపాకీ కంటే దాన్ని చేసిన కర్మాగారాల తర్వాతి కథ నాకు ఎక్కువ ఇష్టం. బ్ర్నో కర్మాగారం యుద్ధం అయిపోగానే ట్రాక్టర్లు మొదలుపెట్టింది. వాటి పేరు జెటార్. ఎక్కడో విన్నట్టుందా? 1971లో మన హెచ్.ఎం.టి. కంపెనీ ట్రాక్టర్లు మొదలుపెట్టింది ఆ జెటార్ సాంకేతిక సహకారంతోనే. మన పొలాల్లో దున్నిన హెచ్.ఎం.టి. ట్రాక్టరూ, బ్రెన్ గన్నూ ఒక కొలిమి పిల్లలే! టొరంటో ఇంగ్లిస్ కంపెనీ వాషింగ్ మెషీన్లకి పేరు తెచ్చుకుంది.

ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ 1988లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్ళున్నాయి, పాత గడియారం ఉన్న భవనం మిగిలింది. ఆ ఊరి పేరు మాత్రం మన రోడ్ల మీద ఇంకా గుడగుడలాడుతూ తిరుగుతోంది. రెడిచ్‌లోని ఒక సైకిల్ కంపెనీ 1890లలో ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారానికి విడిభాగాలు చేసిపెట్టి, ఆ గౌరవంతో రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకుంది. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ బండి అదే.

పిల్లలకి ఏం చెప్పాలి?

తుపాకీ గురించి పిల్లల పత్రికలో ఎందుకని కొందరు తల్లిదండ్రులు అనుకోవచ్చు. ఆ సందేహం సబబే. పిల్లలు వీడియో గేముల్లో రోజూ చూసే తుపాకీకి బరువుండదు, వేడెక్కదు, పక్కన పడిపోయిన స్నేహితుడుండడు. అసలు తుపాకీకి పది కిలోల బరువు, కాలిన బ్యారెల్, 87 వేల మంది తిరిగిరాని మనుషులు ఉన్నారు. దాచిపెట్టడం కంటే ఈ తేడా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

చూపించాలనుకుంటే రెండు చోట్లున్నాయి. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియం, ప్రవేశం ఉచితం. దేశంలోని ఆయుధాల జాతీయ సేకరణ అక్కడే ఉంది. రెండోది లండన్‌లో హైడ్ పార్క్ కార్నర్ దగ్గర 2002లో కట్టిన మెమోరియల్ గేట్స్. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, ఆఫ్రికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చి పోరాడినవాళ్ళ గుర్తుగా నిలబెట్టిన నాలుగు స్తంభాలు. పక్కనున్న చిన్న మండపం లోపల తలెత్తి చూస్తే, విక్టోరియా క్రాస్, జార్జ్ క్రాస్ అందుకున్నవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి.

పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఆ పేర్లు పైకి చదివించండి. పలకడం వాళ్ళకి కష్టంగా ఉంటుంది. ఫరవాలేదు, తప్పులు దిద్దుతూ మళ్ళీ చదివించండి.